దేవుని పటం వెనుక బాపు

బాపు, మా తండ్రి, ఉదయం 5 గంటల 40 నిమిషాలకు పోయాడు. మొదటి షిఫ్టు కూత అప్పటికి పది నిమిషాల కిందటే అయిపోయింది. నెల జూన్, సంవత్సరం 1967, వయసు నలభై తొమ్మిది. స్థలం బెల్లంపల్లి కార్మికుల వాడలో పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గది. ఆ గది నుంచి సముద్రం ఎంత దూరమో అప్పటివరకు నేను కొలవలేదు. తర్వాత పటం మీద స్కేలు పెట్టి చూశాను. తిన్నగా గీత గీస్తే అతి దగ్గరి తీరం రెండు వందల ఇరవై అయిదు మైళ్ళు. బొంబాయి రేవు నాలుగు వందల ముప్పై మైళ్ళు.

నేను బొగ్గు బావుల సర్వేయర్ని. కొలవవలసిన దాన్ని కొలవకుండా తీర్పు చెప్పిన సందర్భం నా జీవితంలో ఒక్కటే ఉంది. యుద్ధకాలంలో తాను నాలుగేళ్ళు నౌకాదళంలో పనిచేశానని బాపు చెప్పేవాడు. నేను నమ్మలేదు.

అతడు పవర్‌హౌస్‌లో బాయిలరు మనిషి. "ముందుగాల నీళ్ళు జూడు, ఎనుక నిప్పు జూడు" అనేది అతని మాట. బాయిలరు దగ్గరికి వచ్చిన ప్రతి కొత్తవాడికీ దాన్ని చెప్పేవాడు. ఇంట్లో ఎసరు పెట్టే అవ్వకు, అంటే మా అమ్మకు కూడా చెప్పేవాడు. "ఇరవై ఏండ్ల సంది వండుతున్న. ఇంక నాకు నీళ్ళు జూసుడు నేర్పుతవా?" అని అవ్వ కసిరేది. అయినా ఎసట్లోకి ఒకసారి తొంగిచూసిన తర్వాతే పీట మీద కూర్చునేవాడు.

కూర్చున్నాక కూడా వెంటనే తినేవాడు కాదు. "ఎన్ని?" అని అడిగేవాడు. అవ్వ, నేను, తమ్ముడు, చెల్లె, తను. అందరం ఎదురుగానే ఉండేవాళ్ళం. "అందరున్నరు" అంటే అతనికి సరిపోదు, అంకె చెప్పాలి. "ఐదు" అని అవ్వ అంటే, "బరాబర్" అని ముద్ద కలిపేవాడు. నాకు బావిలో ఉద్యోగం వచ్చాక అవ్వ జవాబు మారింది: "నాలుగు. ఒకడు బాయిల ఉన్నడు." దానికీ "బరాబర్" అనేవాడు. లేనివాడు ఎక్కడున్నాడో తెలిస్తే చాలు.

స్నానానికి మూడు చెంబులు. మండువేసవిలోనూ నాలుగో చెంబు ముట్టలేదు. ఏ ఇంటికి వెళ్ళినా కూర్చునేముందు అరచేతిని గోడకు ఆనించి, లోపల ఏదో తిరుగుతున్నట్టు ఒక క్షణం ఆగేవాడు. నిలబడితే కుడిచేతి బొటనవేలు పిడికిట్లో దాగేది. ఎందుకని అడిగితే "వేలు బయట పెడితే తలుపు మింగుతది" అన్నాడు, కొలిమి తలుపు గురించి. అందరూ గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటే, అతడు తన కంచం అడుగున ఐదంకెల సంఖ్య కొట్టించుకున్నాడు. బొంబాయి మిల్లులో ఇచ్చిన టోకెన్ నంబరు అయి ఉంటుందని నేను నిర్ణయించుకున్నాను. మా వైపు సాలెవాళ్ళు మిల్లు పనికి బొంబాయి పోవడం మామూలే. బాపు కూడా మొదట అందుకే పోయాడు.

నా అపనమ్మకానికి కారణాలు ఉన్నాయి. అవి బలమైనవని అప్పుడు అనుకున్నాను. పదేళ్ళ వయసులో ఒకసారి అడిగాను:

"సముద్రం ఎట్లుంటది బాపూ?"

"నాకేం ఎరుక. నేను కింద ఉంటి."

"నాలుగేండ్లా?"

"నాలుగేండ్లు."

ఓడ మీద నాలుగేళ్ళు ఉండి సముద్రం ఎలా ఉంటుందో చెప్పలేనివాడిని ఏ పిల్లవాడు నమ్ముతాడు? అతనికి ఈత రాదు. 1953లో మా బాపమ్మ, అంటే అతని తల్లి, చనిపోయినప్పుడు జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి ఆమె ఇంట్లోని రెండు పటాలు తెచ్చుకున్నాం. గోదావరి దాటుతుంటే బాపు ఆ పటాలను ఒళ్ళో పెట్టుకుని, పడవ నట్టనడుమ కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. అవతలి ఒడ్డున దిగి కక్కుకున్నాడు. ఈ సంగతి ఎవరి ద్వారానో వాడకు చేరింది. అప్పటి నుంచి అతని పేరు సముద్రం మామ.

"ఏం సముద్రం మామా, ఇయ్యాల అలలు ఎక్కువున్నయా?" అని చాయ్ హోటల్లో ఒకడు అడుగుతాడు. "మామ పడవ మీద లేడురా, బొంబాయిల పెండ్లి బ్యాండు కొట్టిండు. తెల్ల బట్టలు, టోపీ, అన్నీ బరాబరే గదా!" అని ఇంకొకడు అందుకుంటాడు. బాపుకు ఒక చెవి సరిగా వినబడదు. విననట్టే చాయ్ తాగి, గ్లాసు బోర్లించి లేచేవాడు. పక్కన నేనూ ఉండేవాణ్ణి. నవ్వలేదు. వద్దని కూడా అనలేదు.

1963లో మాజీ సైనికులకు బంజరు భూములు ఇస్తున్నారని తెలిసింది. అప్పటికే దవాఖాన డాక్టరు బాపును నిప్పు దగ్గరి పని మానమన్నాడు. అతని ఊపిరిలో బొగ్గు గీరిన చప్పుడు వచ్చేది. పని మానితే తినేదేమిటి? ఆ భూమి వస్తే బాయిలరు విడిచిపెట్టవచ్చు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. బాపు ఒకరోజు నన్ను వాగు పక్కన, ఇస్తామన్న మెట్ట చెలక దగ్గరికి తీసుకుపోయాడు.

"నీ గొలుసు పట్టుకరా. కొలువు."

నేను గొలుసు ఒక కొస పట్టుకున్నాను, అతడు రెండో కొస పట్టుకున్నాడు. నాలుగెకరాల ముప్పై ఒక్క గుంటలు వచ్చింది. ఈశాన్యం మూలన అరచెయ్యి నేలకు ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

"బాయి గీడ తవ్వుదాం."

"నీళ్ళు పడతయని ఏం గ్యారంటీ బాపూ?"

"అన్నిటికీ గ్యారంటీ అడిగితె ఎట్లరా," అని నవ్వాడు. అతడు నవ్వగా నేను చూసిన సందర్భాలు తక్కువ.

దరఖాస్తుకు సేవా పత్రం కావాలి. అది లేదు. 1948లో నిజాం మీదికి మిలట్రీ వచ్చినప్పుడు బాపమ్మ అన్నీ పొయ్యిలో పెట్టిందని బాపు చెప్పాడు. నంబరు ఉంది, కంచం మీద ఉన్న ఐదంకెలే. బొంబాయికి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయమన్నాడు. ఓడ పేరు చెప్పమన్నాను.

"మా పడవ."

"దానికి పేరుంటది గద?"

"ఉంటది. ఎవలకు చెప్పద్దన్నరు."

"యుద్ధం అయిపోయి పదిహేడేండ్లాయె బాపూ!"

"ఇగ చెప్పచ్చని మళ్ళ ఎవలూ చెప్పలే గద."

ఓడ పేరు చెప్పని నావికుడు, మిల్లు టోకెన్ లాంటి నంబరు. పేరు చెప్పినప్పుడు రాద్దామని నేను ఉత్తరం పక్కన పెట్టాను. అతడు చెప్పలేదు. నేను రాయలేదు.

ఏప్రిల్‌లో తహసీల్ కచేరీలో విచారణ జరిగింది. అధికారి మంచివాడే. మా కాగితాలు తిరగేసి, నన్ను చూసి, "నువ్వు సర్వేయర్‌వట గద. పత్రం లేకున్నా నడుస్తది. మా తండ్రి నౌకాదళంల పనిచేసినట్టు నాకు తెలుసు అని రెండు ముక్కలు రాసియ్యి. నేను చూసుకుంట," అన్నాడు.

నేను రెండు వాక్యాలు రాశాను. "మా తండ్రి యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసినట్లు చెప్పగా విన్నాను. అందుకు ఆధారమేదీ నేను చూడలేదు." కింద సంతకం, తేదీ.

అధికారి దాన్ని పైకి చదివాడు. బాపు వినబడే చెవిని అటు తిప్పి విన్నాడు.

"ఏం పెద్దమనిషీ, కన్నకొడుకే గిట్ల రాసిండు?"

బాపు బొటనవేలు పిడికిట్లోకి పోయింది. "బరాబర్ రాసిండు సార్," అన్నాడు. "చూడనిదాన్ని చూసిన అని ఎట్ల రాస్తడు? సదువుకున్నోడు."

తిరుగు ప్రయాణంలో, బస్సులో అతడు నాతో అన్నది ఒక్క మాట.

"నీ చెయ్యిరాత మంచిగున్నది."

ఇంటికి వచ్చాక జరిగిన గొడవ అవ్వతో.

"రెండు ముక్కలు రాస్తె నీ చెయ్యి పడిపోవునా?"

"అబద్ధం రాయమంటవా అవ్వా?"

"అబద్ధమని నీకెవలు జెప్పిండ్రు? నేను చూసిన ఫొటో. తెల్ల బట్టలు, నెత్తిన పళ్ళెం అసొంటి టోపీ."

"బ్యాండు మేళం వాళ్ళు కూడా అట్లనే ఉంటరు."

అవ్వ గోడ మీది పటం వైపు చెయ్యి చాపింది. బాపమ్మ ఇంటి నుంచి తెచ్చిన రెండు పటాల్లో ఒకటి అది. రంగులతో గీసిన మనిషి, మూసిన మెడ కోటు, ధోవతి, పక్కన కుర్చీ. ఆ బొమ్మ మీద బాపు ముఖాన్ని ఫొటోలోంచి గుండ్రంగా కోసి అతికించారు. ఆ మెడ ఆ ఒంటికి కలవదని నాకు పద్నాలుగేళ్ళప్పుడే తెలుసు.

"గా మొకం ఎక్కడిదనుకుంటున్నవ్? గా ఫొటోలకెల్లి కోసిందే."

"మొకం మీద ఏ దళమో రాసి ఉండదవ్వా," అన్నాను.

అవ్వ చాపిన చెయ్యి దించి పొయ్యి దగ్గరికి పోయింది. వాకిట్లో బాపు అరచెయ్యి గోడకు ఆనించి నిలబడి ఉన్నాడు. ఎంతవరకు వినబడిందో నాకు తెలియదు.

ఆ పూట నుంచి అతడు "ఎన్ని?" అని అడగడం మానేశాడు. మూడో రోజున అవ్వే అలవాటు కొద్దీ "ఐదు" అంది. బాపు కంచం మీంచి తల ఎత్తకుండా అన్నాడు: "నాకెందుకు చెప్తవ్? లెక్కలు రాసేటోడు ఇంట్ల ఉన్నడు గద."

జాబితాలో అతని పేరు రాలేదు. బాయిలరు దగ్గరే ఉన్నాడు. నాతో మాట్లాడటం ఆపలేదు. సబ్బు, బియ్యం, బస్సు వేళ వంటి వాటి గురించి మాట్లాడేవాడు. భూమి వచ్చి ఉంటే బతికేవాడని నేను చెప్పలేను. దానికి ఆధారం లేదు.

అతడు పోయిన ఏడో రోజున, దినం నాడు పెట్టడానికి పెద్ద ఫొటో కావలసి వచ్చింది. బాపుకు ఉన్నది ఆ గోడ మీది ముఖం ఒక్కటే. పటం తీసుకుని బజారులో పటాలు కట్టే దుకాణానికి పోయాను. ముఖాన్ని మళ్ళీ ఫొటో తీసి పెద్దది చేయించాలని నా ఆలోచన. దుకాణాయన వెనక మేకులు ఊడదీసి, అట్ట ఎత్తి, ఆగిపోయాడు.

"సాబ్, ఎనుక ఇంకో ఫొటో ఉన్నది. గని తల్కాయ లేదు."

"ఎవరిది?"

"తల్కాయ లేకుంటె నేనెట్ల జెప్త? మీరే జూడుండ్రి."

అయిదున్నర అంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు. స్టూడియోలో తీసినది. ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎడమ పక్కవాడు ఇరవై ఏళ్ళ కుర్రవాడు, నవ్వబోయి ఆపుకున్నట్టున్నాడు. కుడి పక్కవాడికి ముఖం ఉండవలసిన చోట గుండ్రటి రంధ్రం. దాని కింద తెల్లని దుస్తులు, వెడల్పాటి కాలరు, దాని అంచున గీతలు. కుడి చేతి మీద మూడు రెక్కల చక్రం గుర్తు. అది నీళ్ళలో తిరిగి ఓడను ముందుకు నెట్టే చక్రం, కొలిమి దగ్గర పనిచేసేవారికి ఇచ్చే గుర్తు అని తర్వాత తెలుసుకున్నాను. ఎడమ చేతిలో టోపీ. టోపీ పట్టీ మీద హెచ్. ఎం. ఐ. ఎస్. అనే నాలుగు అక్షరాలు ఉన్నాయి, ఆనాటి ఇండియా నౌకాదళం ఓడల పేర్లకు ముందు రాసేవి. ఆ తర్వాత ఓడ పేరు ఉండవలసిన చోట ఖాళీ. యుద్ధకాలంలో పట్టీల మీద కూడా పేరు రాయలేదట. ఎవరికీ చెప్పవద్దన్నారు అన్న మాట అక్షరాలా నిజం.

దుకాణాయన చేత బాపు ముఖాన్ని పటం మీంచి నీళ్ళతో తడిపి ఊడదీయించాను. రంధ్రంలో పెట్టాను. భూమిని కొలుస్తూ చుట్టూ తిరిగి మొదలుపెట్టిన రాయి దగ్గరికి వస్తే ఎప్పుడూ కొంత తేడా మిగులుతుంది. ఎంత మంచి సర్వేయర్‌కైనా మిగులుతుంది. ఇక్కడ ఏమీ మిగలలేదు.

"మీ బాపు ఫౌజుల ఉండెనా సాబ్?"

"నౌకాదళంలో ఉండె," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

తొమ్మిదో రోజున జగిత్యాల వైపు నుంచి మా మేనత్త, బాపు చెల్లెలు, వచ్చింది. ఫొటో ఆమె చేతిలో పెట్టాను. ఆమె రంధ్రం మీద వేలు పెట్టి ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని చెప్పింది.

"మిలట్రీ దిగిన వారం అల్లుడా. వర్దీ బట్టలున్నోళ్ళను రజాకార్లని పట్టుకపోతున్నరని ఊరంత ఒకటే పరేషాన్. ఎవల వర్దీ ఏందో మాకేమెరుక? మీ బాపేమో బెల్లంపల్లిల. మా అవ్వ కాయితాలు, ఉత్తరాలు అన్నీ పొయ్యిల పెట్టింది. ఫొటోలు పెట్టబోయి చెయ్యి ఎనుకకు గుంజుకున్నది. బతికున్న కొడుకు బొమ్మను నిప్పుల ఎట్ల పెడ్తది? మొకం మట్టుకు కోయిపిచ్చి వేరే ఒంటికి అతికిపిచ్చింది. వర్దీని పారెయ్య మనసొప్పక పటం ఎనుక పెట్టిపిచ్చింది."

"బాపుకు తెలుసా?"

"ఏడ తెలుసు? మొకం ఉంచిన, కడమదంత కాల్చిన అని చెప్పింది. ఆయన ఆ పూట అన్నం తినలే, గంతే."

"నువ్వెందుకు చెప్పలే అత్తా? భూమి కోసం ఎంత తిరిగినమో..."

"నన్నెవలు అడిగిండ్రు అల్లుడా?"

ఎవరూ అడగలేదు. ఆమె ఊరు మాకు ఒక రోజు ప్రయాణం. పదేళ్ళలో నేను రెండుసార్లు పోయాను, రెండూ పెళ్ళిళ్ళకే.

ఆమె గోడ మీది రెండో పటం వైపు చూసింది. కొండగట్టు అంజన్న పటం అది. "గా పటం ఎనుక ఇంకో ఫొటో ఉంటది. చాన మంది ఉన్నది."

నేను లేచాను. అవ్వ అడ్డం వచ్చింది. "మైలల దేవుని పటం ముట్టద్దు. శుద్ధి అయినంక తీ."

"రెండు రోజులా?"

"నాలుగేండ్లు ఆగినవు గద. రెండొద్దులు ఆగలేవా?" అంది అవ్వ.

పదకొండో రోజు శుద్ధి అయ్యాక పటం దించాను. వెనక ఉన్నది ఒక చిన్న ఓడ మీద తీసిన ఫొటో. తొమ్మిది మంది, రెండు వరుసలు. మధ్యవాడికి ముఖం లేదు, అణా బిళ్ళంత రంధ్రం. ఆ ముఖం బాపమ్మ ఎక్కడ దాచిందో మేనత్తకూ తెలియదు. అంచు కలిపి చూడటానికి ఈసారి ఏమీ లేదు. ఆ శరీరం కుడి చేతిని చూశాను. బొటనవేలు పిడికిట్లో ఉంది. వెనక పెన్సిల్‌తో ఉర్దూ అంకెలు. బాపు ఉర్దూ బడిలో చదివాడు, అంకెలు అలాగే వేసేవాడు. మొదట తొమ్మిది, దాని మీద అడ్డంగా ఒక గీత. కింద నాలుగు. ఓడకు ఏమైందో, అయిదుగురు ఎటు పోయారో రాయలేదు. నేను ఊహించను.

ఆ వారమే బొంబాయికి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఫొటోల నకళ్ళేమీ పెట్టలేదు. పేరు, ఊరు, కంచం మీది ఐదంకెలు, అంతే. యాభై మూడో రోజున జవాబు ఒక పేజీలో వచ్చింది. చేరింది 1942లో, విడుదలైంది 1946లో. పని కొలిమి దగ్గర. నడవడి చాలా మంచిది. సముద్రంలో శత్రువులు వేసిన మందుపాతరలు ఏరే ఓడ. దాని పేరు కూడా రాశారు. నేను ఇక్కడ రాయడం లేదు.

ఆ జవాబు తీసుకుని కచేరీకి పోయాను. పాత అధికారి బదిలీ అయ్యాడు. గుమాస్తా రిజిస్టరు తీసి, ఆ చెలక ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశారని చూపించాడు. తర్వాత కాగితం చదివి, "పెద్దమనిషి ఉన్నడా?" అన్నాడు.

"లేడు."

"మరి ఇప్పుడెందుకు సార్ ఇది?"

అతని ప్రశ్నలో తప్పు లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాను.

ఇక మొత్తం. కాలిపోయినవి: సేవా పత్రం ఒకటి, ఉత్తరాలు ఒక కట్ట. కోసిన ముఖాలు రెండు, దొరికినది ఒకటి. ఫొటోలోని తొమ్మిది మందిలో నాకు పేరు తెలిసినవాడు ఒక్కడు. పోయిన భూమి నాలుగెకరాల ముప్పై ఒక్క గుంటలు. తవ్వని బావి ఒకటి. ఆ విచారణ తర్వాత బాయిలరు ముందు గడిచినవి నాలుగేళ్ళ రెండు నెలలు. అప్పుడే రాసి ఉంటే ఉత్తరానికి అయ్యే ఖర్చు ఒక కవరు, ఒక తపాలా బిళ్ళ, యాభై మూడు రోజులు.